ముందొచ్చిన నీలం చేప

"మీరు వెళ్ళొద్దంటున్నానా! పోయిన చేప ఎలాగూ తిరిగి రాదు."

"చేప కోసం కాదు. అడిగి మరీ కొన్నాం. ఫరవాలేదని చెప్పి అమ్మినవాడు జవాబు చెప్పాలా, వద్దా?"

"ఏం చెప్తాడు? మూత సరిగ్గా పెట్టుకోలేదు మీరే అంటాడు."

"అననీ. వాడు ఒకటంటే నేను నాలుగంటాను."

పొద్దున్న టీ దగ్గర మొదలైన ఈ మాట టీ చల్లారిపోయినా తెగలేదు. ఆమె భర్త చొక్కా వేసుకున్నాడు. గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నాడు. ఆ సంగతి చూసుకోకుండానే చెప్పుల కోసం వెతుకుతున్నాడు. అంత సులువుగా కోపం వచ్చే మనిషి కాదు. నీటి సరఫరా ఆఫీసులో పాడైన మీటర్లు విప్పి బాగుచేసే పని ఆయనది. ఇంట్లో ఎవరు అరిచినా ఏ మర వదులైందో చూస్తున్నట్టు నెమ్మదిగా తలూపుతూ వింటాడు. అలాంటి మనిషి ఇవాళ గంటసేపట్నించీ గొణుగుతూనే ఉన్నాడు.

టీపాయ్ మీద పాత పేపరు ముక్కలో చేప ఉంది. చిటికెన వేలంత. నీళ్ళలో ఉన్నప్పుడు తల వైపు తెల్లగా, తోక వైపు నిప్పంటుకున్నట్టు ఎర్రగా ఉండేది. వీపు మీద దారంలాంటి రెక్క ఒకటి నిలబెట్టి, ఎవరినో పిలుస్తున్నట్టు టకటకా ఆడించేది. ఇప్పుడు ఎండుటాకులా ముడుచుకుపోయింది. చెప్పుల స్టాండు కింద ఊడుస్తుంటే ఆమె అత్తగారైన పెద్దావిడ చీపురుకి తగిలింది.

"నేను బొత్తం ఊడిపడిందనుకున్నాను" అంది పెద్దావిడ, ఈ మాట పొద్దుటినుంచీ అందరికీ విడివిడిగా చెప్పింది. "తీరా చూద్దును కదా, దానికి కళ్ళు!"

"మూత తీసి పెట్టిందెవరో?" అంది గది గుమ్మంలోంచి కూతురు.

"మూత కాదే బంగారీ" అన్నాడు తండ్రి. "ఈ జాతి చేపలు ఊరికే దూకవు. తరిమితే దూకుతాయి. మూత పక్కన పంపు తీగ కోసం వదిలిన సందు ఉంది చూడు, దాన్ని వెతుక్కుని మరీ దూకింది. నీ నీలం దొర దాన్ని తిననిచ్చాడా, తిరగనిచ్చాడా?"

"అంతా నా చేపదేనా తప్పు! అది ముందునుంచీ ఇక్కడే ఉంది. దీన్నెవరు తెమ్మన్నారు?"

ఆ మాట చేప గురించే అన్నా, హాలు మూలన కర్టెన్ వెనక దుప్పటి మడతపెడుతున్న చప్పుడు ఆగిపోయింది. ఆమెకి వినపడింది. కూతురికీ వినపడే ఉంటుంది. గది తలుపు వేసేసుకుంది.

"దుకాణం సాయంత్రానికిగానీ తెరవడు కదండీ" అందామె భర్తతో. "ఇప్పట్నుంచీ చొక్కా ఎందుకు?"

ఆయన తన గుండీల వైపు అప్పుడు చూసుకున్నాడు.

*

ఆ గాజు తొట్టె ఆయన సరదా. బియ్యం డబ్బాలు రెండు పక్కపక్కన పెట్టినంత ఉంటుంది, అంతకన్నా పెద్దది పట్టే చోటు హాల్లో లేదు. మామూలు చేపలైతే కుళాయి నీళ్ళు పోసి వదిలేయొచ్చు. ఈయనకి సముద్రపు చేపలు కావాలి. డ్రమ్ములో ఉప్పు కలిపి, గాజు కొలత పుల్ల తేల్చి చూసి, చిల్లులు చిల్లులుగా ఉండే సముద్రపు రాళ్ళు పేర్చి, చేపన్నది లేకుండా వారాల తరబడి ఉత్త నీళ్ళకి దీపం పెట్టి, పంపు పెట్టి కూర్చున్నాడు. "లోకంలో కుక్కల్ని పెంచుతారు, పిల్లుల్ని పెంచుతారు. మావాడు నీళ్ళు పెంచుతున్నాడు" అని పెద్దావిడ వచ్చినవాళ్ళందరికీ చూపించేది. నీళ్ళు కుదురుకున్నాక నారింజ రంగు మీద తెల్ల చారలుండే జంటని తెచ్చాడు. అవి ఓ మూల చూసుకుని కాపురం పెట్టాయి. ఆ తరవాత కూతురు ముచ్చటపడి నీలం చేపని తెచ్చుకుంది. ఇంకు చుక్కలా నిగనిగలాడుతూ, ఉన్న వేలెడు ఒంటితో తొట్టెంతా తనదే అన్నట్టు తిరిగేది. చారల జంట మొండివి కాబట్టి వాటి మూల వాటికి దక్కింది. మిగతా రాళ్ళన్నీ నీలందానివే.

మేనకోడలు వచ్చింది ఆ తరవాత.

భర్త చెల్లెలి కూతురు. తండ్రి లేడు. తల్లి నర్సు, దూరపు ఆసుపత్రిలో మంచి ఉద్యోగం దొరికింది కానీ అక్కడి క్వార్టర్స్‌లో పిల్లల్ని ఉండనివ్వరు. "రెండేళ్ళు ఓపిక పట్టు వదినా, నీ కడుపున పుట్టిందనుకో" అని ఆడపడుచు ఆమె చేతులు పట్టుకుంది. ఆమె మనస్ఫూర్తిగానే సరేనంది. ఆ సాయంత్రమే వంటింట్లో కూతురు మొహం గంటు పెట్టుకుని నిలబడితే, "నీ గది నీదేనే. నేనున్నాగా. దాన్నెవరికీ ఇవ్వను" అని కూడా అంది. ఆ రెండు మాటలూ ఒక్క నోటితో ఒక్క పూటలో ఎలా అందో ఇప్పుడు తలుచుకుంటే ఆమెకి చెంప మీద ఎవరో కొట్టినట్టుంటుంది.

పిల్ల వచ్చింది. గువ్వలా ఒదిగి కూర్చునేది కాబట్టి పెద్దావిడ దాన్ని గువ్వ అనడం మొదలుపెట్టింది, అదే అందరికీ అలవాటైంది. ఎక్కడ పడుకోబెట్టాలి? ఉన్నవి మూడు గదులు. ఒకటి మొగుడూ పెళ్ళాలది, ఒకటి కూతురిది. మూడోది చిన్నది. అందులో ఆమె కుట్టు మిషనూ, గుడ్డల చుట్టలూ, వాటి నడుమ పెద్దావిడ మంచమూ. ఆమె ఇళ్ళకీ ఆఫీసులకీ కర్టెన్లు కుడుతుంది. అందుకని హాలు మూలన మడత మంచం వేసి, దాని చుట్టూ కర్టెన్ కుట్టి కట్టింది. ఒకళ్ళు ఆర్డరిచ్చి తీసుకెళ్ళని మంచి గుడ్డ, లేత ఆకుపచ్చ మీద చిన్న చిన్న పూలు. కింద బరువు కోసం అంచు రెండు మడతలు వేసింది. "ఎంత బావుందో చూడు, నీకో గదిలాగే ఉంది" అంది. గువ్వ "చాలా బావుంది అత్తా" అంది. కర్టెన్ కుట్టేవాళ్ళకి కర్టెన్ ఎంతవరకు ఆపుతుందో తెలియకపోదు. మాటని ఆపదు. చూపుని సగమే ఆపుతుంది.

గువ్వ సాయంత్రాలు తొట్టె ముందు నిలబడేది. ముట్టుకునేది కాదు, మేత వేస్తానని అడిగేది కాదు. చూసి చూసి ఆమెకే ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. ఓ రోజు దుకాణానికి తీసుకెళ్ళి, "వదినకి ఒకటి ఉంది కదా, నువ్వూ ఒకటి ఏరుకో" అంది. ఇద్దరాడపిల్లలకీ తలొకటి. న్యాయం చేసినట్టే అనిపించింది.

గువ్వ చాలాసేపు చూసి నిప్పు తోక చేపని చూపించింది. దుకాణం అతను వల చేతిలోకి తీసుకుంటూనే, ఇంట్లో ఇప్పటికే ఏమున్నాయని అడిగాడు. నీలంది ఉందనగానే వల పక్కన పెట్టేశాడు.

"అయితే ఇది వద్దమ్మా. నీలంది చిన్న రౌడీ. ముందొచ్చి పాతుకుపోయింది కూడాను. ఇదేమో అదిలిస్తే గుండె ఆగే రకం. చిన్న తొట్టెలో ఈ రెండూ పొసగవు. రాళ్ళ కింద బొరియ చేసుకుని పడుండే రకం ఒకటుంది, చూపిస్తా."

చూపించింది బూడిదరంగులో, ఇసకలో ఇసకలా ఉంది. గువ్వ దాన్నీ మర్యాదగా చూసింది. "ఇదైనా ఫరవాలేదు అత్తా" అంది. ఆ 'ఫరవాలేదు' ఆమెకి గుచ్చుకుంది. ఇంట్లో ఎలాగూ అన్నిటికీ అదే మాట. ఇక్కడైనా పిల్ల కోరింది ఇప్పించాలనుకుంది.

"అదే ఇవ్వండి. కొన్నాళ్ళకి సర్దుకుంటుందిలెండి" అంది.

"సర్దుకోడానికి అవేమన్నా మన మనుషులామ్మా" అని నవ్వి అతను చేపని సంచిలో వేశాడు.

ఇంటికొచ్చాక భర్త సంచి పైకెత్తి వెలుగులో చూసి, "నీలందానితో పడుతుందా? అడిగావా?" అన్నాడు. గువ్వ పక్కనే ఉంది, మొదటిసారి పళ్ళు కనపడేలా నవ్వుతోంది.

"అడిగాను. ఫరవాలేదన్నాడు" అందామె.

గువ్వ అత్త మొహంలోకి ఒక్కసారి చూసి, తలొంచుకుని సంచి ముడి విప్పడంలో పడింది. దుకాణం అతని మాట అదీ విన్నది. ఏ పిల్లైనా 'అలా అనలేదుగా' అనేసి ఉండును. ఇది కిమ్మనలేదు.

*

మధ్యాహ్నం భర్త కాస్త చల్లబడ్డాడు. పెరట్లో గన్నేరు మొక్క మొదట్లో చేపని పాతిపెట్టి వచ్చి, గువ్వని పిలిచాడు.

"ఏడవకమ్మా."

"నేనేడవట్లేదు మామయ్యా."

"అదే, ఏడవకు. ఇంకోటి తెద్దాం. ఈసారి నేనొస్తాను, సరిగ్గా కనుక్కుని మరీ తెద్దాం."

"వద్దు మామయ్యా." గువ్వ గోడకి ఆనుకుని నిలబడి మాట్లాడుతోంది. ఇంట్లో ఎక్కడ నిలబడ్డా గోడకి ఆనుకునే నిలబడుతుంది. "నేను స్కూలు హాస్టల్లో చేరతాను. మా క్లాసువాళ్ళు చాలామంది అక్కడే ఉంటారు. అమ్మకి మీరు చెప్తారా? నేను చెప్తే ఏమైందేమైందని అడుగుతుంది."

"ఏమైందే ఇప్పుడు? చేప పోతే ఇల్లొదిలి పోతారా?"

"చేప గురించి కాదు. చదువుకోడానికి బావుంటుందని."

పెద్దావిడ నోరు తెరిచి, కోడలి వైపు చూసి మూసుకుంది. భర్త కూడా ఆమె వైపే చూశాడు, నువ్వేదైనా చెప్పు అన్నట్టు. ఆ క్షణంలో ఆమె లోపల కదిలింది బాధ కాదు. అమ్మయ్య అనిపించింది. బిగించి కట్టిన లంగా బొందు వదులైనట్టు ఊపిరి ఆడింది. ఆ వెనకాలే, ఆ ఊపిరి ఎందుకాడిందో కూడా తెలిసింది.

"సరే, సాయంత్రం మీ అమ్మకి ఫోన్ చేస్తాను" అన్నాడు భర్త, మనసులేని గొంతుతో. "అలాగే దుకాణానికీ వెళ్ళి వస్తాను."

గువ్వ అమ్మమ్మ వెంట మార్కెట్టుకి వెళ్ళాక ఆమె ఆ ఆకుపచ్చ కర్టెన్ ఉతకడానికి విప్పింది. ఇవాళే ఎందుకు ఉతకాలో ఆమెకే తెలియదు. చేతికి పని కావాలి. కర్టెన్ తీస్తే మూల ఎంత ఇరుగ్గా ఉందో తెలిసింది. మడత మంచం, దాని కింద పెట్టె. బట్టలకని ఆమె ఇచ్చిన రెండు అరలు అలాగే ఖాళీగా ఉన్నాయి, వేసిన పేపరు నలగలేదు. పిల్ల బట్టలన్నీ పెట్టెలోనే, రేపు బండెక్కేవాళ్ళలా సర్దిపెట్టి ఉన్నాయి. పక్కన స్కూలు సంచి. దాని ముందు జేబులో ఏముందో ఆమెకి చూడకుండానే తెలుసు.

పిల్ల వచ్చిన కొత్తలో పెన్సిలు కోసం ఆమె ఆ జేబు తీసింది. లోపల ప్లాస్టిక్ కవరులో చుట్టి పళ్ళ బ్రష్షు ఉంది. బాత్రూంలో అందరి బ్రష్షులూ ఒక మగ్గులో ఉంటాయి. దీనిది సంచిలో ఎందుకుందని అడగడానికి కర్టెన్ అవతలికి వెళ్ళేంతలో, బాత్రూంలోంచి కూతురి గొంతు వినపడింది. "మగ్గులో చోటు లేదని చెప్పానా మరదలు పిల్లా? మళ్ళీ పెట్టకేం!" నవ్వుతూ అన్నట్టే ఉంది. ఆమె వెనక్కొచ్చి, ఆ జేబు జిప్పు మళ్ళీ వేసేసింది. చప్పుడు కాకుండా వేసింది.

ఇప్పుడు వెళ్ళి మగ్గు చూసింది. నాలుగు బ్రష్షులు. ఇంకో నాలుగు పడతాయి.

చేపని కూడా ఆమె అలాగే చూసింది. పొద్దున్నే మేత వేసేది ఆమే. గడ్డకట్టించిన రొయ్యల ముక్క గిన్నెలో కరిగించి వేస్తే, చారల జంట వచ్చేది, నీలంది వచ్చేది, నిప్పు తోకది పంపు వెనక సందులోంచి తల మాత్రం పెట్టేది. అది బయటికి రాగానే నీలంది బాణంలా వచ్చి పడేది. తోక అంచు చిరిగింది. వీపు మీది దారం సగానికి తెగింది. "ఏంటే, ఇది కనపడదేం?" అని భర్త అడిగితే, "సిగ్గుది, దాని తత్వమంత" అనేది. గువ్వ తినేటప్పుడు అందరికన్నా ముందు లేచి వెళ్ళిపోతోందేమని పెద్దావిడ అడిగితే కూడా దాదాపు అదే మాట చెప్పింది.

కూతురి గది తలుపు తట్టింది. కూతురు మంచం మీద పుస్తకం పరుచుకుని ఉంది. మొహం ఉబ్బి ఉంది.

"నువ్వు కూడా నన్నే అంటావు, అను" అంది.

"అనను."

"దాన్ని హాస్టల్‌కి పొమ్మని నేను చెప్పలేదమ్మా. ఒట్టు. నాకు నచ్చలేదు, అంతే. దాన్ని తీసుకొస్తున్నారని నన్నెవరైనా ఒక్క మాట అడిగారా? పైగా నువ్వే అన్నావు, గది నీదే, ఎవరికీ ఇవ్వనని."

"అన్నాను" అందామె. కూతురు ఇంకేదో అంటుందని చూసింది. ఏం లేదు. ఉన్నదంతా అదే. తను ఇచ్చినదాన్ని పిల్ల కాపలా కాసుకుంది. వెనకేసుకొచ్చే తల్లి ఉందని తెలిసి గట్టిగా కాసుకుంది.

ఆమె తలుపు వెయ్యకుండా బయటికొచ్చింది.

*

సాయంత్రం దుకాణానికి వెళ్ళేముందు భర్త తొట్టె పని పెట్టుకున్నాడు. లాగు పైకి మడిచి, చేతులు మోచేతుల దాకా నీళ్ళలో పెట్టి, రాళ్ళు ఒకటొకటే తీసి ఉప్పునీళ్ళ బకెట్లో వేస్తున్నాడు. నీలందాన్ని చిల్లుల డబ్బాలో పెట్టి తొట్టెలోనే ఓ పక్కకి తగిలించాడు. అది డబ్బా గోడకి ముక్కు ఆనించి అటూ ఇటూ కొట్టుకుంటోంది. మార్కెట్టునుంచి వచ్చిన పెద్దావిడ కుర్చీ లాక్కుని కూర్చుంది, కూతురు గది గుమ్మంలోకి వచ్చింది. గువ్వ గోడకి ఆనుకుని నిలబడింది.

"జైల్లో పెట్టారా నా చేపని?" అంది కూతురు, పొద్దుటంత గట్టిగా కాదు.

"జైలేం కాదులే. కొన్నాళ్ళు అక్కడుంటుంది" అన్నాడు భర్త. "దాని తప్పూ కాదు. ఈ రాయి నాది, ఆ సందు నాది అని అలవాటు చేసుకుంది. ఉన్న రాళ్ళు ఉన్నట్టే ఉంచి కొత్తదాన్ని తెచ్చి వదిలితే ఎన్ని తెచ్చినా ఇదే గతి. రాళ్ళన్నీ తీసేసి కొత్తగా పేర్చాలి. కొత్తదాన్ని ముందు వదలాలి. అది కాస్త ఊపిరి పీల్చుకున్నాక, దీన్ని ఆఖర్న వదలాలి. అప్పుడు దీనికీ ఇల్లు కొత్తే. కొట్టుకోడానికి పట్టుదలుండదు."

"ఈ తెలివి ముందే ఉంటే ఆ ఎర్రది బతికేది కదరా" అంది పెద్దావిడ.

"ముందే తెలిస్తే కదమ్మా! వాడు ఫరవాలేదన్నాడని ఊరుకున్నాను. ఉండు, చేతులు కడుక్కుని వెళ్ళి వాడి సంగతి…"

"అతను వద్దనే చెప్పాడు" అందామె.

భర్త చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి.

"పొసగవు, వద్దన్నాడు. వేరేది చూపించాడు కూడా. నేనే వినలేదు. మీతో అబద్ధం చెప్పాను. గువ్వకి తెలుసు. ఇన్నాళ్ళూ నా మాట దాచింది."

గువ్వ గోడలోకి ఇంకాస్త ఒదిగింది, తప్పు తనదైనట్టు. పెద్దావిడ "ఓసినీ" అని మాత్రం అంది. పంపు నీళ్ళని బుడబుడలాడిస్తోంది.

ఆమె ఉతికి ఆరిన కర్టెన్ చేతిలో మడతపెడుతోంది. మడత మీద మడత సరిచేస్తూ, ఎవరి మొహమూ చూడకుండా, గొంతు పెంచకుండా చెప్పింది.

"ఈ కర్టెన్ మళ్ళీ కట్టను. రేపు కూడా సెలవే కాబట్టి గదులన్నీ ఖాళీ చేద్దాం. పెద్ద గది, మా ఇద్దరిదీ, ఆడపిల్లలిద్దరికీ. అది ఇప్పటిదాకా వాళ్ళిద్దరిలో ఎవరిదీ కాదు. అత్తయ్యా, బంగారి గది మీకు. కిటికీ ఉంది, బాత్రూం దగ్గర. మేము మిషను గదిలోకి వెళ్తాం."

"నాకక్కడ చోటెక్కడే?" అన్నాడు భర్త. ఆయనకి కోపం రావాలో నవ్వు రావాలో తేలలేదు.

"గుడ్డల చుట్టల మీద. మెత్తగానే ఉంటుంది."

"నా గది…" అంది కూతురు.

"నీకిచ్చిన మాట నేనే తప్పుతున్నాను. అసలు ఇవ్వాల్సిన మాట కాదది. కోపముంటే నా మీద చూపించు, గువ్వ మీద కాదు." ఆమె కర్టెన్ని కుర్చీ వీపు మీద వేసింది. "ఫోన్ మీరు చెయ్యొద్దండీ, నేను చేస్తాను. హాస్టల్ ఎందుకడిగిందో నేనే చెప్తాను మీ చెల్లెలికి, ఉన్నదున్నట్టు. ఇంట్లో ఏం జరుగుతోందో చూస్తూ ఊరుకున్నానని కూడా. ఆ తరవాత కూడా హాస్టలే కావాలంటే గువ్వ ఇష్టం. కానీ ముందు ఆ గదిలో ఉండి చూసి చెప్పాలి."

గువ్వ ఈసారి ఫరవాలేదు అనలేదు.

"రేపు పొద్దున్న గది కడిగాక మొదట గువ్వ మంచం వేస్తాం" అందామె. "ఏ గోడకి వేయాలో అదే చెప్తుంది. ఆ తరవాత బంగారిది."